రాజలింగం ట్రిమ్మర్ పట్టిన రోజు

రాజలింగాన్ని సలహా అడగడం శివకృష్ణ చేసిన పొరపాటు. కానీ పాపం, పది రోజులుగా అతనికి మనసు మనసులో లేదు.

కోసాడ్ కాలనీ గేటు పక్కన సమ్మక్క చాయ్ బండి. ఆదివారం పొద్దున్నే లూమ్‌ల మీద బట్ట నేసేవాళ్ళంతా అక్కడే ఉన్నారు. శివకృష్ణ ఫోనులో చెక్క అంచులు కోసే రెండు ట్రిమ్మర్ల బొమ్మలు మార్చి మార్చి చూస్తున్నాడు. ఒకటి పెద్ద కంపెనీది, ధర నెల కిరాయంత. ఇంకోటి పేరూ ఊరూ లేనిది, అందులో పావు వంతు. కూతురు హారతి కోసం నాలుగు నెలలుగా తన చేతులతో గిటారు చేస్తున్నాడు. గిటారు పెట్టె తయారైంది. ఇప్పుడు దాని అంచు చుట్టూ సన్నని గాడి కొయ్యాలి, అందులో తెల్ల పట్టీ కూర్చోవాలి. చేయి జారిందా, నాలుగు నెలల కష్టం రంపప్పొట్టులో కలిసినట్టే.

"అన్నా, ఏది కొనమంటవ్?"

రాజలింగం లూమ్‌లు బాగుచేసే మేస్త్రీ. చేతికి మంచి పేరుంది. నోటికి అంతకంటే పెద్ద పేరుంది.

"కంపెనీదా? పైసలు ఎక్కువైనయా? మిషన్ అగ్గువది తీస్కో, కోసే బిట్టు మంచిది తీస్కో. కింద బేరింగ్ ఉండాలె. బేరింగ్ పక్క చెక్కను పట్టుకొని ఉరుకుతది, బ్లేడు అంచును కోస్తది. గంతే! గసొంటిదే నా దగ్గర ఉన్నది. దాంతోని ఒక గిటారుకు గాడి కోసిన."

"ఎప్పుడు కోసినవే?" అన్నాడు పక్కనున్న కమలాకర్.

"అప్పుడు నువ్వు ఊరికి పోయినవ్ తియ్. ఇచ్ఛాపూర్ల ఒక సేఠ్ ఉండె. చెక్కపని చేసే ముగ్గురు వడ్లోళ్ళు ఆ గిటారు సూసి, మాతోని కాదని దండం పెట్టి పోయిండ్రట. నేను పోయిన. సేఠ్ చాయ్ ఇచ్చిండు. 'చాయ్ చల్లగ కాకముందే అయిపోతది సేఠ్' అన్న. అయింది! గాడిల ముప్పై డెనియర్ సన్నపోగు పెడితే పైకి లేవలే, కిందికి దిగలే."

"మంచిగనే ఉన్నది" అన్నాడు శివకృష్ణ, నిజంగానే నమ్ముతూ.

"ఆగు, ఆ తర్వాత ఏమైందో తెలుసా? గిటారు అయిపోయింది గాని మిషన్‌కు కడుపు నిండలే. చెయ్యి గుంజుకపోయింది. టేబుల్ అంచు కోసింది. మంచం కోసింది. దర్వాజ కోసింది. సేఠానీ ఉరికొచ్చింది, నన్ను తిడ్తదేమో అనుకున్న. 'సరస్ ఛే భాయ్, మస్తుగున్నది, బాల్కనీ గూడ కానియ్యి' అన్నది!"

బండి దగ్గర నవ్వులు మొదలయ్యాయి. సమ్మక్క చాయ్ వడపోయడం మరిచిపోయింది.

"బాల్కనీ అయినంక ఏముంటది, రోడ్డే! ఇచ్ఛాపూర్ నుంచి కిమ్ ఊరి దాక రోడ్డు అంచు పట్టుకొని పోయింది. నేను ఎనక, మిషన్ ముందట. రోడ్డు పక్కకు తెల్లగీత ఉంటది సూడు, అది రంగనుకుంటున్నరా మీరు? పట్టీ! నా గాడిల కూసోవెట్టిన పట్టీ!"

"మరి అంత దూరం వైరెట్ల సరిపోయిందే?" అన్నాడు కమలాకర్.

"వైరు ఎప్పుడో ఊడిపోయింది. ఊపుకే తిరిగింది! కిమ్‌ల బలవంతంగ ఎత్తి, బొంతల చుట్టి ఇంటికి తెచ్చిన. ఇప్పటికీ అల్మారిల తిరుగుతనే ఉన్నది. మా ఇంటామె ప్రమీల దాని మీద కుండ పెట్టి మజ్జిగ చిలుకుతది."

శివకృష్ణ కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. పది రోజుల బరువు ఆ నవ్వుతో కొంచెం దిగింది. దిగేసరికి ధైర్యం వచ్చింది.

"అయితే ఇగ కొనుడెందుకన్నా? నీదే ఇయ్యి. పగటాళ్ళకు కోసేస్త."

రాజలింగం చాయ్ గ్లాసు వంక చూశాడు. "ఇయ్యాల్నా? అది జర అలిసిపోయి ఉన్నది..."

"తిరుగుతనే ఉన్నదంటివి!"

పాల ప్యాకెట్ కోసం వచ్చిన ప్రమీల అంతా విన్నది. ఇంటికి పోయి, ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. నాలుగు వైపులా టేపు అంటించింది అంటించినట్టే ఉంది.

"ఇగో తమ్మీ. మూడేండ్ల కింద తెచ్చిండు. ఈయనకు గూడ గిటారు చెయ్యాలనే ఉండె, చెక్క గూడ తెచ్చిండు. కోస్తే పాడైతదని భయపడి టేపు గూడ ఇప్పలే. మజ్జిగ నేను కవ్వంతోనే చిలుకుతున్న."

బండి చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. శివకృష్ణ కూడా నవ్వబోయాడు గానీ, రాజలింగం ముఖం చూసి ఆగిపోయాడు. తన పది రోజుల భయమే ఆ ముఖంలో మూడేళ్ళుగా ఉందని తెలిసి అతని మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

"అన్నా, మిషన్ నేను నడిపిస్త. గిటారు నువ్వు పట్టుకో. ముందుగాల నీ చెక్క మీద చెయ్యి తిప్పుకుందం."

రాజలింగం కాదనలేదు. ఆ చెక్క తీసుకొని ఇద్దరూ శివకృష్ణ గదికి పోయారు. చెక్క అంచు మీద మూడుసార్లు కోశారు. మొదటిసారి ఎలుక కొరికినట్టు వచ్చింది, మూడోసారికి నున్నగా వచ్చింది. అప్పుడు గిటారు తీశారు. రాజలింగం దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ట్రిమ్మర్ అంచు చుట్టూ తిరిగి వచ్చి ఆగింది. హారతి పట్టీ పెట్టి చూస్తే గాడిలో చక్కగా కూర్చుంది. ఆ పిల్ల ఎగిరి గంతేసింది.

సాయంత్రానికి రాజలింగం మళ్ళీ చాయ్ బండి దగ్గర ఉన్నాడు.

"గాడి నేనెట్ల కోయిపిచ్చిన్నో తెలుసా? బ్లేడు మీదికెళ్ళి సూపు తియ్యలే. రెప్ప గూడ కొట్టలే!"

"అవునన్నా" అన్నాడు శివకృష్ణ, అతని చేతిలో చాయ్ పెడుతూ. "మిషన్ ఆగేదాక కండ్లు గట్టిగ మూసుకునే ఉంటివి గద, రెప్పెట్ల కొడ్తవ్?"