పళ్ళ క్లినిక్‌లో వరద

మా బావ ప్లంబరు, నేను ఎలక్ట్రీషియన్ని. రేపు పొద్దున ఒక ఆఫీసు భవనంలో మాకు ఆరు నెలల పని మొదలవ్వాలి. ఇద్దరం కలిసి వస్తేనే ఇస్తామన్నారు. పైగా మా చేతుల మీదుగా ఏదైనా పాడైతే ఆ నష్టం కట్టే ఇన్సూరెన్స్ ఉంటేనే గేటు దాటనిస్తారట. నా కాగితం వచ్చేసింది, బావది రాలేదు. అందుకే ఏజెంటు అక్క ఫారం పట్టుకుని టీ కొట్టు దగ్గరికే వచ్చింది.

"ఇదివరకు మీ పని వల్ల ఎవరికైనా నష్టం జరిగిందా అన్నయ్యా?" అని అడిగింది, అంతే. బావ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. గ్లాసు పెట్టాడంటే ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

"నష్టమా! భలే మనిషిని అడిగావమ్మా. పోయినేడు మూడో అంతస్తులో ఓ పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో సింకు కింద వాషర్ మారుస్తున్నా. వాల్వు కట్టేశాననే అనుకున్నా, తీరా చూస్తే అది పక్క వాటా వాళ్ళది. నట్టు విప్పానో లేదో, నీళ్ళు! ఎంతనుకున్నావ్? మోకాలి లోతు!"

"మూడో అంతస్తులోనా?" అన్నాడు టీ కొట్టాయన.

"నువ్వు టీ కాచుకోవయ్యా. మోకాలు కాస్తా నడుమైంది, పేషెంటు కుర్చీ లేచి తేలింది, అందులో నోరు తెరుచుకుని ఓ పెద్దాయన. డాక్టరు గారు ఎంత నిబ్బరం మనిషంటే, పక్కనే ఈదుతూ పన్ను పీకుతున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తలుపు ఊడింది! కుర్చీ మెట్ల మీదుగా జారి రోడ్డెక్కింది. కింద మందుల షాపు, పక్కన జెరాక్స్ షాపు, ఆరు కార్లు, అన్నీ మునిగాయి. ట్రాఫిక్ పోలీసు చెయ్యి చూపించి మరీ ఆ కుర్చీకి దారిచ్చాడంటే నమ్ము."

"మరి పెద్దాయన?" అన్నాను ఉండబట్టలేక.

"నాలుగు వీధులవతల బస్టాండులో దిగాడు. పన్ను నొప్పి పోయిందని నాకు దండం కూడా పెట్టాడు. అప్పుడు నేనేం చేశానూ? ఒక్క స్పానరుతో, ఒంటిచేత్తో, ఊరి మెయిన్ లైనే కట్టేశా. మూడు రోజులు ఊరంతా నీళ్ళు బంద్!"

అక్క ఇంతసేపూ తలెత్తకుండా రాస్తూనే ఉంది. ఇప్పుడు ఫారం బావ వైపు తిప్పింది.

"చదివి సంతకం పెట్టండి. క్లినిక్, తలుపు, రెండు షాపులు, ఆరు కార్లు, ఒక పేషెంటు, మూడు రోజులు ఊరి నీళ్ళు. ఇంత నష్టం చేసిన మనిషికి మా కంపెనీయే కాదు, ఏ కంపెనీ పాలసీ ఇవ్వదు. మీరు చెప్పారు కాబట్టి రాశాను."

బావ మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"బావా, రేపటి పని!" అన్నాను.

"కొట్టెయ్యమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "కార్లూ లేవు, షాపులూ లేవు."

"ఉన్నది దాచినా ఇబ్బందే అన్నయ్యా, రేపు అవసరానికి పైసా ఇవ్వరు. సరిగ్గా చెప్పండి, ఎన్ని నీళ్ళు?"

బావ టీ కొట్టాయన వంక చూశాడు, నా వంక చూశాడు.

"అర బకెట్. నా తువ్వాలుతో నేనే తుడిచేశా."

"డాక్టరు గారేమన్నారు?"

"ఆయన భోజనానికెళ్ళారమ్మా. ఇప్పటికీ తెలీదు."