రాళ్లవాగు హాల్టు బెంచీ

మిర్యాలగూడలో ఒక కాలనీ పార్కు, ఆదివారం పొద్దున. బెంచీలకు కొత్త రంగు వేసే రోజు. మాట్లాడుతున్నది ఇద్దరు: రాళ్లవాగు ఊరి పటేలు దామోదర్, ఆ ఊరి రైల్వే హాల్టులో ఒకప్పుడు టిక్కెట్లు అమ్మిన రాజారత్నం.

"...కోదాడోళ్లు మాకు రైలు కావాలె అంటున్నరు. సూర్యాపేటోళ్లు మాకూ కావాలె అంటున్నరు. మనకేమో ఉన్న రైలే ఆగకుండ పోతుంది. ఏమంటవ్ రత్నం?"

"ఏమంట పటేలా. జర ఆ నీళ్ల బకెటు గిటు జరుపు."

"పొద్దుగాల ప్యాసింజరు, మాపటికి ప్యాసింజరు. ఊర్ల గడియారం సూసేటోడే లేకుండె. రైలు కూత ఇని ఎసరు పెడుతుండె మా ఇంటామె సత్యవతి. ఇప్పుడేమాయె, దుమ్ము మన మొకాన కొట్టి దడదడ పోతది."

"పోతది."

"గంతేనా? ఇరవై రెండేండ్లు టిక్కెట్లు కొట్టినవ్. నీకు బాధ లేదా?"

"ఉంటె ఏం జేస్త. నాటేసే ఆడోళ్లు ఆటోల ఒకళ్ల మీద ఒకళ్లు కూసోని పోతున్నరు. దామరచర్ల పనికి పోయేటోళ్లు నాలుగ్గంటలకే లేస్తున్నరు. అప్పుడు రైలెక్కి నిద్రపోతుండిరి పాపం."

"అదే నేను అనేది. అందుకే తిరుగుతున్న ఇంత. ఇగో, గా బెంచీ ఎందుకు గీకుతున్నవ్? అది మంచిగనే ఉన్నది గదా."

"పార్కు కమిటోళ్లు అన్ని గీకమన్నరు. పాత రంగు పోతెనే కొత్తది పట్టుకుంటది."

"గా మూలకున్నయి పెచ్చులూడినయి, అవి సూడు ముందు. ఇది మా నాయిన పేరు మీది బెంచీ. దీని సంగతి నాకు ఇడిసిపెట్టు."

"పేరు పలక జోలికి పోతలేను పటేలా. కీర్తిశేషులు వెంకటనర్సయ్య గారి జ్ఞాపకార్థం. దాన్ని మంచిగ తుడిసిన. వెనుక పక్క గీకుతున్న."

"వెనుక ఎవరు సూస్తరు?"

"నేను సూస్త."

"ఏందో నువ్వు. ప్రతి ఆదివారం వస్తున్నవంట గదా, సంవత్సరం సంది. కమిటోళ్లు చెప్పిన్రు. చర్చికి పోతలేవా?"

"చర్చి పది గంటలకు. గీడికెళ్లి సీదా గాడికే పోత."

"నీ ఇంటామె జానమ్మ బాగుందా?"

"ఉన్నది. ముందటి వరుసల కూసుంటుండె, ఇప్పుడు ఆఖరి వరుసల కూసుంటది. గంతే."

"ఎందుకట్ల?"

"ఎందుకో నీకు ఎరుకలేదా పటేలా?"

"...నాకెట్ల ఎరుక. సరే గని, చెట్లకు నీళ్లు పోసేటోళ్లల్ల ఒకామె ఉన్నది, తలకు పసుపు స్కార్ఫు కట్టుకున్నది. నమస్తె అమ్మా అన్న. మొకం తిప్పుకొని పోయింది. ఎవరామె?"

"ఎవరో. ఎండకు తల తిరిగిందేమో. చాన మందొస్తరు ఆదివారం."

"ఉండనియ్. నీతోటి పనుండి వచ్చిన నేను. మంగళారం మేం పదిమందిమి పెద్ద సారు దగ్గరికి పోతున్నం, రైల్వే ఆఫీసుకు. మన హాల్టు మళ్ల తెరవాలె అని దరఖాస్తు. ఇగో, కాయితం. మా పిల్లగాడు సందీప్ టైపు చేయించుకొచ్చిండు."

"మంచి పని."

"దీని మీద నీ సంతకం కావాలె."

"నాది ఎందుకు పటేలా? నేను తీసేసిన ఏజెంటును."

"అందుకే. పాత ఏజెంటు సంతకం ఉంటె వాళ్లకు నమ్మకం. ఊరి పని రత్నం, ఊరికి ఉపకారం. ఇగో పెన్ను."

"చేతులకు మట్టున్నది. నాకు ఇంగ్లీషు రాదు. ఏం రాసిన్రో జర చదివి చెప్పు."

"ఏముంటది. మొదట, రాళ్లవాగు గ్రామ ప్రజలు మనవి చేసేది ఏమనగా, హాల్టు యాభై ఏండ్ల సంది ఉన్నది, దానికి జాగ మా నాయిన ఉత్తగ ఇచ్చిండు..."

"ఇచ్చిండు. నిజమే. నన్ను ఏజెంటుగ పెట్టిచ్చింది గూడ ఆయననే. మా వాడకట్టుల మొదటి నౌకరి నాదే. చచ్చినదాంక మర్సిపోను."

"అది గూడ రాయిచ్చిన. ఇగ ఆఖరున, రైలు ఆగితె కూలోళ్లకు, సదువుకునే పిల్లలకు మేలు అని. గంతే."

"మొదటిది చదివినవ్, ఆఖరుది చదివినవ్. నడుమ ఇంకోటున్నది."

"అది... జనాభా. ఊర్ల ఎంతమంది, మిర్యాలగూడ ఎంత దూరం, అట్లాంటివి."

"గంత పెద్దగున్నది జనాభానే?"

"రత్నం, నువ్వు గీకుడు ఆపి ఇను. పాత ఫైలు ఒకటి అడ్డం ఉన్నదట. అది ఖతం అయితె తప్ప కొత్త ఏజెంటును వెయ్యరట. ఏజెంటు లేకపోతె టిక్కెట్లు లేవు, టిక్కెట్లు లేకపోతె రైలు ఆగది. అర్థమయితుందా?"

"పాత ఫైలు అంటె బెంచీ ఫైలు."

"...ఆఁ. అదే."

"హాల్టు మీద బెంచీ పోయింది. ఇన్‌స్పెక్టరు వచ్చి, సామాను నీ జిమ్మల ఉన్నది, నువ్వే సూసుకోవాలె, ఏది అన్నడు. ఎరుకలేదన్న. నువ్వే అమ్ముకున్నవ్ అన్నడు. నన్ను తీసేసిండు. నా తర్వాత ఎవ్వడు రాలే. ఆర్నెల్లకు రైలు ఆగుడు బందయింది. గదే ఫైలు గదా."

"పాత ముచ్చట్లు ఎందుకియ్యాల."

"నువ్వే తీసినవ్ పటేలా. బెంచీ పోయిన దినం నేను ఊర్ల లేను. జానమ్మను సూర్యాపేట దవాఖానల ఏసిన. మూడు దినాలు గాన్నే ఉన్న. వచ్చి సూస్తె బెంచీ జాగల నాలుగు గుంటలు."

"రత్నం, ఆ బ్రష్షు పక్కకు పెట్టు."

"ఇంగ జరంతే ఉన్నది. ఆకుపచ్చ పోయింది. కింద పసుపు రంగు కనవడుతుంది."

"పెట్టు అంటున్న."

"పసుపు మీద నల్లక్షరాలు. 'రా' వచ్చింది. ఇగో, 'ళ్ల' గూడ వచ్చింది."

"రత్నం."

"ఆగు, నీళ్లు పోస్త. ...'వాగు'. రాళ్లవాగు. సూడు, నేనే రాయిచ్చిన ఇది. 'గు' జర వంకర పోతె పెయింటరు మీద కోపం చేసిన."

"...ఎంతమంది సూస్తున్నరు?"

"ఎవ్వరు సూస్తలేరు. కూసో పటేలా. నీ బెంచీనే గదా."

"నీకు ఎప్పటి సంది ఎరుక?"

"వారం తిరగకముందే ఎరుక. హన్మా చెప్పిండు. ట్రాక్టరు వాందే గదా. పటేలు పంపిస్తె పోయి తెచ్చిన అన్నడు. పట్టపగలు తెచ్చిన, దొంగతనం అనుకోలే అన్నడు."

"నేను గూడ దొంగతనం అనుకోలే రత్నం. మా సత్యవతి మీద ఒట్టు. పార్కు ఓపెనింగు దగ్గరికొచ్చింది. ఈ కాలనీల మాకూ ఒక ఇల్లున్నది గదా, ఇంటికొక బెంచీ ఇయ్యాలె అన్నరు. నేను ఆర్డరిచ్చిన బెంచీ టైముకు రాలే. అందరి నాయినల పేర్లు ఉంటయి, మా నాయిన పేరు ఉండదు. గది నాకు మనసున పట్టలే. హాల్టు జాగ మా నాయినది, గాడ కూసునేది ఇద్దరో ముగ్గురో, ఒక్క బెంచీ తెస్తె ఏమయితది అనుకున్న. కొత్తది రాంగనే గాడ పెట్టిద్దాం అనుకున్న."

"కొత్తది వచ్చిందా మరి?"

"వచ్చింది. అప్పటికే దీన్ని సిమెంటుల పాతిన్రు. పలక పెట్టిన్రు, దండేసిన్రు, ఫోటోలు దిగిన్రు. గా కొత్తది మా ఇంటి ముందల పడున్నది. దాని మీద ఇంతవరకు నేను కూసోలే."

"ఇన్‌స్పెక్టరు వచ్చిన దినం నువ్వు ఊర్లనే ఉన్నవ్."

"ఉన్న."

"ఊరి పెద్దవని నిన్ను పిలిచిన్రు. నేను ఎదురుంగ నిలవడ్డ. నీ మొకం సూసిన. ఇప్పుడు చెప్తడు, ఇప్పుడు చెప్తడు అనుకుంట సూసిన."

"తెలుసు. నువ్వు సూసుడు నాకు తెలుసు."

"ఏమన్నవ్ నువ్వు?"

"రత్నం, వద్దు."

"ఏమన్నవ్?"

"...బెంచీ సంగతి ఏజెంటుకే ఎరుకుండాలె అన్న. సంతకం గూడ పెట్టిన. చెప్దామని నోరు తెరిసిన. పక్కకు సర్పంచి, వెనుక ఊరంత. పటేలు బెంచీ ఎత్తుకపోయిండు అంటరు గదా అని నీ మీదికే తోసిన. గా దినం సంది హాల్టు దిక్కు మొకం పెట్టి నడవలే నేను. సిగ్గు. ఇంగేం లేదు, సిగ్గే."

"నాకు సిగ్గు లేదా పటేలా? దుకాణంకు పోతె, రత్నం, బెంచీ ఎంతకమ్మినవ్ అని నవ్విన్రు. ఊరిడిసి గీడ కిరాయి ఇంట్ల ఉంటున్న. నా బిడ్డ హుజూర్‌నగర్ అత్తగారింట్ల ఉండె అప్పుడు. గాడ గూడ అన్నరంట ఆమెను. మా నాయిన గసుంటోడు కాదు అని కొట్లాడిందంట."

"నువ్వెందుకు నా పేరు చెప్పలే? ఇన్నేండ్లల్ల ఒక్కసారన్నా?"

"బెంచీ మీద మీ నాయిన పేరున్నది గదా. నాకు అన్నం పెట్టినాయన పేరు మీద దొంగ బెంచీ అని నేను ఎట్ల చెప్పాలె? నువ్వే చెప్తవనుకున్న. ఇయ్యాల కాకపోతె రేపు. సంవత్సరం సంది ప్రతి ఆదివారం వస్తున్న ఈ పార్కుకు. నువ్వు వస్తె అడుగుదాం అని. నువ్వు రాకపోతివి."

"ఎట్లొస్త. ఈ బెంచీ ముందల ఎట్ల నిలవడాలె. ఇయ్యాల సంతకం కోసం వచ్చిన, గంతే. నేనొక చెడ్డ మనిషిని రత్నం."

"చెడ్డోనివని నేను అనలే."

"ఇయ్యాల్నే పీకిస్త దీన్ని. హన్మాను పిలుస్త, మళ్ల గాన్నే పెట్టిస్త."

"పెట్టి ఏం జేస్తవ్? గాడ రైలే ఆగది. ఎవరు కూసుంటరు, మేకలా?"

"మరి నన్నేం జేయమంటవ్? చెప్పు, చేస్త. నీ కాళ్లు పట్టుకుంట."

"కాళ్లెందుకు. నడుమది చదువు."

"ఏంది?"

"కాయితం. నడుమ చదవకుండ ఇడిసినవ్ గదా, అది చదువు."

"చెప్పిన గదా, జనాభా..."

"ఇంత చెప్పినంక గూడ జనాభానే అంటవా పటేలా?"

"అది చదివేటిది కాదు రత్నం."

"నేను చెప్తనా? 'పాత ఏజెంటు రాజారత్నం, హాల్టు బెంచీ తనే అమ్ముకున్నట్టు ఒప్పుకుంటున్నడు. క్షమించి ఫైలు మూసెయ్యగలరు.' గిది. దీని కింద నా సంతకం అడిగినవ్ నువ్వు."

"...నీకు ఇంగ్లీషు రాదంటివి."

"రాదు."

"మరి ఎవరు చదివి చెప్పిన్రు? ఊరు బాగుపడతది అనుకున్న రత్నం. నీకు ఎట్లనో పోయిన పేరు, ఇంగ పోయేదేమున్నది, రైలన్న వస్తది అనుకున్న. తప్పే. పాపమే. చింపేస్త, ఇగో సూడు."

"చింపకు. మీ సందీప్ దీన్ని బస్టాండు కాడ జిరాక్సు షాపుల టైపు చేయించిండు గదా. గా షాపుల టైపు కొట్టేది ఎవరో ఆయనకు ఎరుకలేదు."

"ఎవరు?"

"మా సౌమ్య. హుజూర్‌నగర్ నుంచి వచ్చి రెండేండ్లాయె. నా పేరు కాడ మూడు సార్లు తప్పులు పోయినయంట. ఊరంత అన్నా నమ్మని పిల్ల, నీ కాయితం కొట్టినంక ఇంటికొచ్చి అన్నం ముందట అడిగింది: నాయినా, ఒప్పుకున్నవా అని."

"నువ్వేమన్నవ్?"

"నేను చెప్తె నా మాటే అయితది. సంతకం కోసం పటేలు గాడికే వస్తడు, ఆదివారం పార్కుకు రా బిడ్డా అన్న."

"వచ్చిందా?"

"నీ నమస్తె తీసుకోలే, పసుపు స్కార్ఫు, ఆమెనే. పిలుస్తున్న పటేలా. నాకు చెప్పినట్టే నా బిడ్డకు చెప్పు."