ఎద్దులబావి దగ్గర ఆగిన కారు

ఎద్దులబావి తెలుసు కదర్రా, కొండమీద ఘాటు రోడ్డు దిగాక ఎడమచేతి పక్క, ఒడ్డంతా కూలిపోయి ఉంటుందే, అది. పక్కనే చింతచెట్టు. దాని కాయ రాలినా ఎవరూ ఏరుకోరు. మన ఊళ్లో బండ్లు తోలిన ముసలాళ్లందరూ అక్కడికొచ్చేసరికి నోరు కట్టేసుకునేవాళ్లు. ఊరింకా ఎంత దూరం, ఎడ్లు ఎంత దూరం లాగుతాయి, ఈ రెండు మాటలూ ఆ చెట్టు కింద అనకూడదు. అంటే ఏమవుద్దంటారా? అది కోటేశ్వరికి తెలుసు.

ఆమె మన వైపు మనిషి కాదు. ఘాటుకి అవతల ఆస్పత్రిలో నర్సు. ఉన్నది ఒక్క కూతురు, లిఖిత, ఆరో తరగతి, నూట యాభై కిలోమీటర్ల అవతల హాస్టల్లో వేసింది. పిల్లకి బాగోకపోతే బస్సు కోసం చూడక్కర్లేదని కరెంటు కారు కొనుక్కుంది. కొన్నరోజు నుంచీ ఆమెకి నిద్ర లేదనుకోండి. ఛార్జింగు ఎంత ఎక్కింది, ఎంత దిగింది, బండి ఎంత దూరం పోయింది, అన్నీ నోటుబుక్కులో రాసేది. అదే ఆస్పత్రిలో మందులిచ్చే బాలస్వామిదీ అచ్చం అదే కారు. తనది ఒక్కసారి నిండా ఎక్కిస్తే మూడొందల కిలోమీటర్లు పోతుందని, ఆమెది రెండొందలే పోతుందంటే నడపడం రాకేనని అనేవాడు. ఏసీ వేస్తావా అక్కా అనేవాడు. లేదయ్యా అంటే, అయితే కాలు బరువేమో అనేవాడు. ఆమె పైకి నవ్వేది గానీ, ఇంటికెళ్లి మళ్లీ నోటుబుక్కు తీసేది.

కారుతో ఇచ్చిన పుస్తకంలో రోజూ నూటికి ఎనభైకి మించి ఎక్కించొద్దు, బ్యాటరీ మన్నుతుంది అని ఉంది. ఆమె ఎనభై ఒకటి కూడా కానిచ్చేది కాదు. అంత పద్ధతి మనిషి. సరే, ఒకరోజు పొద్దున పదిన్నరకి హాస్టల్ వార్డెనమ్మ ఫోను. పిల్లకి రాత్రి నుంచీ జ్వరం, ఏమీ తినట్లేదు, అమ్మ కావాలంటోంది, అయిదు లోపల వస్తే పంపిస్తాం, అయిదు దాటితే గేటు తియ్యరు అని చెప్పింది. అప్పుడు కారులో ఎనభై ఉంది. మిగతా ఇరవై ఎక్కించుకుందామా అంటే, ఎక్కేదాకా ఏ తల్లి కూర్చుంటుంది?

బయల్దేరింది. ఘాటు ఎక్కేసరికి సగం హరించుకుపోయింది. దారిలో ఒకే ఒక్క ఛార్జింగు పెట్టె ఉంది, హోటలు పక్కన. దానికి మేకని కట్టేశారు, పెట్టేమో పని చెయ్యదు. ఏం నవ్వుతావే రత్తాలూ, ఆ ఎండలో ఏసీ కట్టేసి, అద్దాలు దించి, నడుం తడిసిపోయి వచ్చిన ఆడమనిషికి నవ్వొస్తుందా? అట్లా వచ్చి వచ్చి, మిట్టమధ్యాహ్నం ఒంటిగంటకి, బండికి కాస్త చల్లదనం తగులుతుందని ఆ చింతచెట్టు కింద ఆపింది. చూస్తే, ఇంకా డెబ్బై ఒక్క కిలోమీటర్లు పోవచ్చని తెర మీద ఉంది. పోవాల్సింది యాభై ఎనిమిది.

అప్పుడొచ్చాడు ముసలాయన. మోకాళ్ల దాకా పంచె, చేతిలో ఎడ్లు తోలే ములుగర్ర. వచ్చి కారు ముందు భాగాన్ని ఎద్దు నుదురు నిమిరినట్టు నిమిరాడు. ఇది ఎంత దూరం పోద్దమ్మా అని అడిగాడు. ఆ మాట పొద్దుటి నుంచీ ఆమె గుండెల్లో కొట్టుకుంటున్న మాటే కదా. అడిగినవాడు దొరికాడని గడగడా చెప్పేసింది. డెబ్బై ఒకటి పోద్దంది, పోవాల్సింది యాభై ఎనిమిదంది, పిల్లకి జ్వరమంది, బాలస్వామి సంగతి కూడా చెప్పింది.

ముసలాయన తలూపాడు. ఎవడూ నిజం చెప్పడమ్మా, మా ఎడ్లు ఒక్క మేతకి పన్నెండు మైళ్లు పోయేవి, పై ఊరివాడు తనవి పద్దెనిమిది పోతాయనేవాడు, ఆ మాట నమ్మి, నా కొడుక్కి జ్వరమొస్తే ఎడ్లని విప్పకుండా తోలాను అన్నాడు. అవి దవాఖానా నాలుగు మైళ్లుందనగా కూలబడ్డాయట. పిల్లాణ్ణి భుజాన వేసుకుని నడిచి ఉంటే వేళకి అందేవాణ్ణి, లేస్తాయేమో, లేస్తాయేమో అని ఎడ్ల ముందు కూర్చున్నాను అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని చూసేసరికి చెట్టు కింద ఎవరూ లేరు. ఎక్కడో మువ్వలు మాత్రం వినపడ్డాయి.

ఇక చూడండి. అయిదు కిలోమీటర్లు పోయేసరికి డెబ్బై ఒకటి కాస్తా యాభై అయిదయింది. చూసినప్పుడల్లా ఒకటి తగ్గుద్ది. కళ్లు తిప్పుకుంది, తగ్గింది. తెర మీద తువాలు కప్పింది, కింద తగ్గుతూనే ఉంది. నెమ్మదిగా, చివరికొచ్చేసరికి సైకిలు వాళ్లు కూడా దాటిపోతుంటే తోలుకుంటూ తోలుకుంటూ, హాస్టలు ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా, మైలురాయి పక్కన, కారు ఆగిపోయింది.

కంపెనీకి ఫోను చేస్తే రెండు గంటల్లో వస్తామన్నారు. బాలస్వామికి చేస్తే, కాసేపు ఆపి ఉంచక్కా, చల్లబడితే రెండు మూడు కిలోమీటర్లు వస్తాయి అన్నాడు. ఆమె కూర్చుంది. స్టీరింగు పట్టుకుని, సున్నా వంక చూస్తూ. ఒకటి అవుద్దేమో. పది నిమిషాలు. ఇంకో పది. మూడున్నర అయింది. ఇప్పుడు ఒకటి అవుద్దేమో.

అప్పుడు తట్టిందర్రా ఆమెకి, తను ఏం చేస్తోందో. దిగింది. తలుపు వేసిందో లేదో కూడా తెలీదు. ఆ ఎండలో, చెప్పు తెగితే చేత్తో పట్టుకుని, ఆరు కిలోమీటర్లు నడిచింది. అయిదుకి అయిదు నిమిషాలుందనగా గేటులో అడుగు పెట్టింది. పిల్ల ఒళ్లు పెనంలా కాలుతోంది. వార్డెనమ్మ మీ కారేదమ్మా అంటే, ఏ కారు అందట.

మర్నాడు కంపెనీ వాళ్లు వెళ్లి చూస్తే బండికి ఏ లోపమూ లేదు. దాని ముందు మాత్రం ఎవరో పచ్చి జొన్నచొప్ప నరికి, మోపు విప్పి, తినడానికి వీలుగా పరిచిపెట్టి ఉన్నారు. ఆ చుట్టుపక్కల జొన్న వేసిన చేనే లేదు.

కోటేశ్వరి కారు అమ్మలేదు. ఇప్పటికీ అందులోనే వస్తుంది, పోతుంది. చెరువుకట్ట మీదుగా చుట్టూ తిరిగి పోతుంది, పదకొండు కిలోమీటర్లు ఎక్కువ పడుద్ది. మీరూ అట్లాగే పొండి. అటు మాత్రం పోకండి. లేవండిక, మంచు పడుతోంది.