కింది గేరి సాటింపు

మల్ల అదే అడుగుతున్నరేంది సారు. డప్పు కొట్టిన అని మూడుసార్లు చెప్పిన. ఈ చేతుల్తోనే కొట్టిన. ఇంగెన్నిసార్లు చెప్పాలె.

కుర్చీ వద్దు సారు. ఈ బడి కుర్చీలల్ల నేనెన్నడు కూసోలే. కిందనే మంచిగుంది.

వరద నీళ్లు తీసి పదకొండు దినాలాయె. ఇయ్యాల వచ్చిండ్రు మీరు. రాంగనే ఎద్దులెన్ని పోయినయని అడిగిండ్రు. తర్వాత గోడలు. తర్వాత వడ్లు. మనిషి సంగతి ఆఖరుకు అడుగుతున్నరు. కాయితంల వరుస గట్లనే ఉంటదేమో. నాకు తెల్వదు.

రాసుకోండ్రి. పేరు జమ్ములమ్మ. మొగుడు శంకరయ్య, లేడు. ఊరి సుంకరి కొలువు ఆయనది. మండలాఫీసుకెల్లి ఏ కబురొచ్చినా డప్పు కొట్టుకుంట ఊరంత సాటియ్యాలె. ఆయన పోయినంక ఆరేండ్ల సంది నేనే సాటిస్తున్న. ఆడది డప్పు కొట్టుడేందని ముందుగాల నవ్విండ్రు. తర్వాత అలవాటు పడ్డరు. దుకాన్ల శక్కెరొచ్చిందని నేను చెప్తేనే గదా వాళ్ల చాయ తియ్యగయ్యేది.

పోలియో సుక్కలు నా నోటితోనే. ముసలోళ్ల పింఛన్లు, ఓటరు ఫొటోలు, గొర్రెలకు సూదులు, అన్ని నా నోటితోనే. సర్కారుకు మా ఊర్ల ఉన్న నోరు ఇదొక్కటే సారు.

సాటిచ్చినంక ఊకె ఇంటికి పోతే కుదరదు. గేరికి, అంటే వాడకు, ఐదుగురితోని కాయితం మీద ఏలిముద్ర ఏయించుకోవాలె. ఇన్నం, మాకు తెలిసింది అన్నట్టు. ఆ కాయితం మండలాఫీసుల ఇయ్యాలె. మీ చేతిలున్నది అదే.

అవు. నాలుగు గేర్లు. ఇరవై ముద్రలు.

ఆ చిన్నదా. పిలగాని ఏలి లెక్క కొడుతుందా. జర ఆగుండ్రి, చెప్త.

పార్వతమ్మ అర్జీ మీద వచ్చిండ్రు గదా మీరు. సోమవారం నాడు గద్వాలకు పోయి పెట్టొచ్చింది. మాకెవరు చెప్పలే, మా గేరిల ఎవరు సాటియ్యలే, నా కోడలు పాణం పోయింది అని రాయించింది.

ఆ కోడలు నా బిడ్డ సారు. జయశ్రీ.

ఆ ముక్క అర్జీల లేదా. ఉండదు. బతికున్నప్పుడే నన్ను ఇయ్యపురాలని ఒప్పుకోలే ఆమె. ఇప్పుడెట్ల రాయిస్తది.

కింది గేరి వాగు అవుతల ఉంటది. మీరు సూసొచ్చిండ్రు. రాతి కట్ట దాటి పోవాలె. తొమ్మిదిండ్లు, అందరు మగ్గాలోళ్లు. నా బిడ్డ పదిహేనేండ్లప్పటి సంది వాళ్లింటికి కండెలు సుట్ట పోయేది. మంచిగ సుట్టేది. పోగు తెగకుంట సుట్టేది. పందొమ్మిదేండ్లకు ఆ ఇంటి పిలగాడు తిరుపతిని చేసుకున్నది. పార్వతమ్మ నెల దినాలు ఏడ్సి, ఆఖరుకు ఒప్పుకున్నది. పిల్ల చేతులు కావాలె గదా. తల్లి డప్పు మాత్రం వద్దు.

లగ్గమైన పదిహేనొద్దులకు జయశ్రీ ఒక్కతే నా కాడికి వచ్చింది. అమ్మా, సాటింపుకు మా గేరిలకు రాకు, కట్టకు ఇవుతలనే నిలవడి కొట్టు, నేనొచ్చి ఇని అందరికి చెప్త అన్నది.

ఎందుకే అన్న.

నీ డప్పింటె మా అత్త అన్నం తింటలేదు అన్నది.

మీ అత్త తింటలేదా, నీకు సిగ్గయితున్నదా అని అడిగిన. అది చెవుల కమ్మలు తిప్పుకుంట నిలవడ్డది. అవి నేను చేయించినవే.

గట్లనే కానీ అన్న. నాలుగేండ్లు గట్లనే అయ్యింది. మూడు గేర్లు తిరిగి, కట్ట కాడ నిలవడి కొట్టేదాన్ని. అది కొంగు సర్దుకుంట వచ్చేది. అవుతల అది, ఇవుతల నేను. సర్కారు మాట చెప్పేదాన్ని. ఇంకేమన్నుందా అనేది. గంతే అనేదాన్ని. ఎనుకకు తిరిగి పోయేది.

మా తల్లిబిడ్డల మాటలు గవే సారు. ఇంకేమన్నుందా. గంతే.

పొడుగు చేసి చెప్పుడు నేర్చుకున్న. మూడు ముక్కల కబురును ముప్పై ముక్కలు చేసేదాన్ని. గప్పటిదాక అది నిలవడేది. సూసేదాన్ని. బక్కగయిందా, మంచిగున్నదా. అది కూడ రాసుకుంటరా? వద్దా. సరే.

శ్రావణమాసంల రేషన్ దుకాన్ కాడ ఎవరో అంటే తెలిసింది, జయశ్రీకి అయిదో నెల అని. నాకెవరు చెప్పలే. ఊరి కబుర్లన్ని నేను సాటిస్త, నా బిడ్డ కడుపు కబురు బియ్యం సంచుల నడుమ ఇన్న.

సూడాలనిపించింది. డప్పు లేకుంట పోతే ఎందుకొచ్చినవంటది. డప్పుతోని పోదామంటే ఆ నెల సర్కారుకు చెప్పేటందుకు ఏం లేకపాయె. దినాం మండలాఫీసుకు పోయి అడిగిన. ఏమన్నున్నదా సారు అని. ఏం లే పో అన్నరు.

లేనిది సాటిచ్చిన.

గద్వాలల మగ్గాలోళ్ల కార్డులకు ఫొటోలు తీస్తున్నరు, బేస్తారం నాడు అందరు రావాలె అని. మిగతా గేర్లల్ల చెప్పలే. కట్ట కాడనే చెప్పిన. అది వచ్చింది. కడుపు కనవడ్డది. ఇన్నది. ఆడోళ్లు కూడనా అని అడిగింది. నాలుగేండ్లల్ల అది అడిగిన కొత్త మాట గదొక్కటే సారు. అవు బిడ్డా, ఆడోళ్లు కూడ అన్న. నవ్వింది.

బేస్తారం నాడు తొమ్మిదిండ్లల్ల మగ్గాలు ఆగినయి. తలలకు నూనె రాసుకొని, కొత్త బట్టలేసుకొని, ఆటోలల్ల గద్వాలకు పోయిండ్రు. పొద్దంత ఆఫీసు ముందల నిలవడ్డరు. ఫొటో లేదు, ఏం లేదు. వచ్చేటప్పుడు జయశ్రీ ఆటోల వాంతులు చేసుకున్నదట.

పొద్దు మునిగినంక గేరంత కట్ట దాటి నా ఇంటి మీదికొచ్చిండ్రు. పార్వతమ్మ డప్పు మీద ఉమ్మింది. అది నాకు కొత్త కాదు. జయశ్రీ ముందలికొచ్చింది.

నీ నోట్లకెల్లి వచ్చేది ఇంగ మా గేరిల ఎవ్వరు ఇనరు అన్నది. నేను సచ్చిన అని సాటిచ్చినా ఇనరు అన్నది.

అందరి ముందల అన్నది సారు. నవ్విండ్రు కొందరు.

ఇప్పుడు ఆ దినం సంగతి. దసరా పోయి నాలుగైదొద్దులు. మూడొద్దుల సంది వాన. పొద్దుగాలనే మండలాఫీసుకెల్లి కబురొచ్చింది. కృష్ణకు నీళ్లు ఇడుస్తున్నరు, ఏటి దిక్కున్న ఇండ్లు ఖాళీ చెయ్యాలె అని. నేను పరేషాన్ కాలే. ఏటేటా వచ్చేదే ఆ కబురు. ఏటేటా సాటిస్త. నీళ్లు మోకాలు దాటి ఎన్నడు రాలే. మీ సర్కారు అబద్ధం సాటిస్తే కొలువు పోదు గదా సారు.

పై గేర్లల్ల మంచిగనే సాటిచ్చిన. వానకు డప్పు తోలు మెత్తబడితే మోత రాదు. ఒక్కొక్క గేరిల గడ్డి మంట ఏయించుకొని, కాగబెట్టి కొట్టిన. ఆ పదిహేను ముద్రలు నిజమైనవి. వాళ్లను అడగొచ్చు మీరు.

కట్ట కాడికి వచ్చేవరకు తోలు మల్ల సల్లబడ్డది. అక్కడ మంట లేదు. ఏసుకోవచ్చు, ఏసుకోలే. సల్లటి డప్పే కొట్టిన. తడి గోనె మీద కొట్టినట్టు మోగింది.

అవుతల మగ్గాల సప్పుడు. దీపావళి చీరలు. అందరు గుంటలల్ల కాళ్లు వెట్టుకొని నేస్తున్నరు. ఎవరికినవడ్డదో ఎవరికినవడలేదో.

జయశ్రీకి ఇనవడ్డది.

గడపలకొచ్చింది. ఏడో నెల కడుపు. నన్ను సూసింది. నేను నోరు తెరిచిన. మాట నాలిక మీదికొచ్చింది. అది ఎనుకకు తిరిగి లోపలికి పోయింది. గంతల్నే మగ్గం సప్పుడు మల్ల మొదలైంది. నాకు దాని మగ్గం సప్పుడు తెలుసు సారు. తొమ్మిదిండ్లల్ల అది వేరే.

తాగలే సారు. నేను తాగను. మా ఆయన తాగేటోడు.

డప్పు కొట్టిన అన్న గదా. నిజమే అన్న. మాట మాత్రం చెప్పలే.

నోరు మూసుకున్న.

అరిస్తే ఇనవడేది. కట్ట ముప్పై అడుగులు లేదు. పోయి తలుపు కొట్టొచ్చు. కాళ్లున్నయి. మనసున ఏముండెనో చెప్పాల్నా. నీళ్లు రానీ అనుకున్న. మోకాల్లోతు రానీ. మగ్గం గుంటలల్ల నిండనీ. చీర తడవనీ, పార్వతమ్మ నెత్తి కొట్టుకోనీ. అది కడుపు పట్టుకొని, మూట నెత్తిన వెట్టుకొని, తడుసుకుంట నా గడపకు రావాలె. అమ్మా ఎందుకు చెప్పలే అని అడగాలె. గప్పుడు నేను అడుగుదామనుకున్న.

ఇంకేమన్నుందా అని.

ఏడ్సుకుంటనన్న పోలే సారు. మంచిగ నడుసుకుంట పోయిన. ఇంటికి పోయి రొట్టె చేసుకొని తిన్న. రెండు ఎక్కువ చేసిన. అది వస్తదని.

నీళ్లు ఏటి దిక్కుకెల్లి రాలే. వాగుకెల్లి ఎనుకకు తన్నినయి. ఊరోళ్లంత ఏటి దిక్కు సూసుకుంట ఎవరి మూటలు వాళ్లు కట్టుకుంటుండ్రు, వాగును ఎవరు సూడలే. పగటి పూట రెండు గంటలకు కట్ట మునిగింది. మగ్గం కాడ కూసున్నోళ్లకు ముందుగాల కాళ్లకే తెలిసుంటది. దానికి కూడ.

బయటికి వచ్చిందట. వచ్చినదే, సగం నేసిన చీర కోసం మల్ల లోపలికి పోయింది. మట్టి గోడ. కూలింది. తిరుపతి తల్లిని ఎత్తుకొని నడుము లోతుల కట్ట దాటిండు. మనిషి ఒక్కరినే ఎత్తుకోవచ్చు గదా. నేను ఆ పిలగాన్ని ఏమనను.

నేను ఇవుతల ఒడ్డున ఉన్న. గప్పుడు అరిచిన. గొంతు ఊరంత ఇనవడ్డదట.

మూడో దినం నీళ్లు తగ్గినంక దాన్ని తీసిండ్రు. చీర చేతుల్నే ఉన్నది. పాడె ముందల డప్పు కొట్టాలె. ఊర్ల ఇంగెవరున్నరు. నన్నే రమ్మన్నరు. నాలుగేండ్లకు డప్పుతోని ఆ గేరిల కాలు వెట్టిన. పార్వతమ్మ అడ్డం రాలే. గడ్డి మంట ఏసి, డప్పు మంచిగ కాగబెట్టి కొట్టిన.

నేను సచ్చిన అని సాటిచ్చినా ఇనరు అన్నది గదా. ఇన్నరు సారు. తొమ్మిదిండ్లోళ్లు గడపలల్లకొచ్చి ఇన్నరు.

ఆ కింది గేరి ముద్రలు ఐదు ఎవరివని అడగరా. అడగండ్రి. పార్వతమ్మది కాదు, తిరుపతిది కాదు. ఆ దినం కట్ట కాడ, కుడి చేతుల డప్పు పుల్ల, కాయితం మోకాలు మీద. సిరా డబ్బి ఎప్పుడు నా కొంగుల్నే ఉంటది. ఎడమ చెయ్యి. పెద్దది బొటనేలు. ఇది సూపుడేలు. ఇది నడిమేలు. ఇది ఉంగరమేలు. పిలగానిది అన్నరే, అది చిటికెనేలు.

సూసుకోండ్రి. చెయ్యి పక్కన పెట్టి సూసుకోండ్రి.

కలమెందుకు కింద పెట్టిండ్రు సారు. రాయండ్రి. అది మొండికేసి నీళ్లల్ల కూసోలే. దానికి చెప్పినోళ్లు లేరు. గంతే రాయమంటున్న. నా కొలువు పోతే పోనీ. నా బిడ్డ చెప్పినా ఇనలేదని కాయితంల ఉండొద్దు.

ఏందది. ముందుగాలనే రాసుకొచ్చిండ్రా.

సదవండ్రి జర. నాకు సదువు రాదు.

ఊ.

నాలుగు గేర్లల్ల సాటింపు జరిగింది. ఊ. సదరు జయశ్రీ తెలిసి కూడ ఇల్లు ఇడవలేదు. ఊ. తన నిర్లక్ష్యం. గదేనా మాట. నిర్లక్ష్యం.

నేను చెప్పింది ఎక్కడున్నది సారు ఇందుల.

అవు. మీకు పైన సారున్నడు. ఆయనకు పైన ఇంకో సారున్నడు. సాటియ్యలే అంటే మండలాఫీసు మీదికొస్తది, మీ మీదికొస్తది. నా మీదికైతే వచ్చేదుండే. కాని నన్ను నమ్మేదెట్ల. ఇరవై ముద్రలున్నయి. నాదొక్క నోరు, అది కూడ అబద్ధాల నోరని ఊరంత తెలుసు.

పార్వతమ్మకు ఏం చెప్తరు. నాకు తెల్వదులే. నన్నే సాటియ్యమంటరేమో అది కూడ.

డబ్బి ఇటు జరపండ్రి.

ఏ ఏలు వెట్టాలె సారు.