మామ్మ ప్రార్థన మానీసిన ఏడాది

"మామ్మా, నువ్వొక ఏడాది ప్రార్థన మానీసినావట. నిజమేనా?"

ఎవులు సెప్పినారే నీకు? మీ తాతేనా? ఆయన కడుపులో ఒక్క మాట దాగదు. నిజమేలే. అలాగని నలుగురికీ సెప్పకు. అయినా నలుగురికీ నానే సెప్పీసినాను కదా, ఇంకేటి. కూకో ఇలగ. ఆ ఫోన్లో నా మాట పడతందా? సరే.

అప్పుడూ ఈ సీపురుపల్లిలోనే ఉన్నాం, స్టేషనుకి ఇవతల ఇంట్లో. మీ తాత రైల్వేలో కీమేనుగా సేసి రిటైరైనాడు. రోజూ పట్టాలెంబడి నడుసుకుంటా బోల్టులు బిగించుకునీ ఉద్యోగం. నాను మన సంఘంలో స్త్రీల సమాజానికి పెద్దని. మీ నాన్న పెళ్ళికి ముందు ఎన్నుకున్నారు నన్ను... కాదు కాదు, పెళ్ళైన ఏడాదే. మరింక మార్సనేదు. మార్సడానికి నానెవుల్నీ ఒప్పుకోనిస్తే కదా.

ఎవులైనా దిగులుగా ఉన్నారని తెలిస్తే సాలు, సంచీ బుజానేసుకుని బయల్దేరిపోయీదాన్ని. ఎల్లి ఏటి సెప్పీదాన్నంటే, విశ్వాసికి దిగులేటమ్మా, గట్టిగా పాట పాడు, పోతాది. అంతే. అదే మాట అందరికీ. ఈదిసివర దీనమ్మ ఉన్నాది కదా, అంగన్‌వాడీలో ఆయాగా సేసీది, ఆవిడ ఊరికే కళ్ళ నీళ్ళెట్టుకునీది. ఆవిడితో ఇంకో మాట ఎక్కువే అన్నాను. "దీనా, నీ ప్రార్థనలో ఎక్కడో లోపమున్నాది, సూసుకో" అన్నాను. ఆవిడ తలొంచుకుని కాఫీ ఇచ్చింది. తాగి వచ్చీసినాను.

ఆ తర్వాత నాకొచ్చింది.

కారణమేటంటే నేదు. ఇంట్లో ఎవులూ పోనేదు, ఒంట్లో జొరం నేదు. ఆ ఏడు మన మావిడిచెట్టు కూడా బాగానే కాసింది. ఒకనాడు పొద్దున్న పళ్ళు తోముకుందారని పెరట్లో కూకున్నాను. బ్రష్షు సేత్తో పట్టుకుని అలాగే ఎండెక్కీదాకా కూకుండిపోనాను. లెగాలనే తోచనేదు. మర్నాడూ అంతే. వండడం మానీసినాను, తల దువ్వుకోడం మానీసినాను. మోకాళ్ళేస్తే ప్రార్థన రాదు. గోడతో మాటాడతన్నట్టుండీది. నాకు తెలిసిన పాటలన్నీ అలాగే ఉన్నాయి బుర్రలో, ఒక్కటీ నోట్లోకి రాదు.

మీ తాతకి ముందు తెలీనేదు. ఆయనే వండడం మొదలెట్టినాడు. మూడు రోజులు పప్పులో ఉప్పెయ్యడం మర్సిపోనాడట. నాను మాటాడకండా తినీసినాను. పెళ్ళైన కాణ్ణుంచీ ఉప్పు కాసింత తగ్గితే ఇల్లు ఎగిరిపోయేలాగ అరిసిందాన్ని. నాలుగోనాడు ఆయనే నోట్లో ముద్దెట్టుకుని ఆగిపోయి, నా ముకం సూసినాడు. "ఏటయ్యిందే నీకు" అన్నాడు. భయపడిపోనాడు పాపం.

అక్కడ్నుంచి జనం రాడం మొదలెట్టినారు. ఎవులొచ్చినారు? నాను ఎవులెవులికి సెప్పినానో వాళ్ళే. వరసగా వచ్చి నా మంచం కాడ కుర్సీ ఏసుకుని, "విశ్వాసికి దిగులేటక్కా, గట్టిగా పాట పాడు, పోతాది." నా మాట నాకే, అక్షరం పొల్లుపోకండా. ఒకావిడైతే నాలాగే సెయ్యి కూడా ఊపింది. అప్పుడర్దమైంది నాకు, ఆ మాట ఇనడానికెంత సెడ్డగుంటాదో.

సంఘపెద్ద సాల్మను మేష్టారొచ్చినాడు. గుమ్మంలోంచే నన్ను తేరిపార సూసి, "ఇది దయ్యం పనే" అన్నాడు. మీ తాత ఏటన్నాడో తెలుసా? "మేష్టారూ, ఏ దయ్యమైనా ఈవిడితో వారం రోజులు కాపరం సెయ్యగలదేటండి" అన్నాడు. మేష్టారు నవ్వనేదు. నానూ నవ్వనేదు. ఇప్పుడు తలుసుకుంటే నవ్వొస్తాది గానీ.

పాస్టరుగారు మటుకు కుర్రోడైనా మంచోడు. ప్రార్థన సేసినాడు. నా నోటెంట ఆమెన్ రానేదు. అది సూసి, "అమ్మా, మీకు రాకపోతే మానెయ్యండి. మీ తరపున మేమందరం చేస్తాం. మీరు తిని పడుకోండి" అన్నాడు. నాకు సిన్నతనమైపోనాది. ఇన్నేళ్ళు ప్రార్థన సేయించినదాన్ని, ఉద్యోగం తీసీసినట్టనిపించింది. ఆయనే సెప్పినాడు, పూర్వం ఒక ప్రవక్త కూడా ఎడారిలో చెట్టుకింద పడుకుని, ఇంక నా వల్ల కాదు ప్రభువా, నన్ను తీసుకుపో అన్నాడట. దేవుడు ఆయన్ని కోప్పడనేదట. దూతని పంపి రొట్టె పెట్టించినాడు, నీళ్ళిప్పించినాడు, రెండుసార్లు నిద్ర పోనిచ్చినాడు. మాటలన్నీ తర్వాతేనట. ఆ కత నాను ఎన్నిసార్లు సండేస్కూల్లో సెప్పినానో. నిద్ర సంగతి ఎప్పుడూ సెప్పనేదు, తర్వాత కొండమీద అగ్గీ గాలీ వచ్చి దేవుడు మాటాడినకాడికి దాటీసీదాన్ని.

తర్వాత ఒక మజ్జాన్నం దీనమ్మొచ్చింది. దువ్వెన తీసి నా తల సిక్కు తీసుకుంటా కూకుంది. అప్పుడు సెప్పినాను ఆవిడికి, ఎవులికీ సెప్పని మాట. "దీనా, పొద్దున్న తెలివి రాకపోతే బాగుణ్ణనిపిస్తంది. దేవుడు నన్నొగ్గీసినాడు" అన్నాను.

దువ్వడం ఆపనేదావిడ. "ఒగ్గీనేదక్కా. నీకు తెలీడం నేదంతే. నాకూ అలాగే ఉండీది" అన్నాది. బొడ్డు సంచీలోంచి మాత్రల అట్ట తీసి సూపించింది. "రెండేళ్ళబట్టి ఏసుకుంతన్నాను. ఇజీనారంలో డాక్టరమ్మ ఇచ్చింది. నీకు తెలిస్తే సమాజంలో నా పేరెట్టి అందరిసేతా ప్రార్థన సేయించేస్తావని సెప్పనేదు" అన్నాది.

అమ్మా, అన్ని రోజులూ నాకు ఏడుపు రానేదు, నవ్వు రానేదు. ఆ మాటకి సిగ్గు మాత్రం వచ్చింది. ఒల్లంతా సిగ్గే.

మీ తాతకి సెప్పింది దీనమ్మే. ఆయన ఒక్క నిమిషం ఆలోసించనేదు. "పట్టా విరిగిందని తెలిస్తే పట్టా కాడే నిలబడి ప్రార్థన సేసుకుంతామా? ప్రార్థన సేసుకుంటానే ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తుతాం. పద" అన్నాడు. మర్నాడే రైలెక్కించీసినాడు, నా చెప్పులు కూడా ఆయనే తొడిగి.

ఆ డాక్టరమ్మ మీ అత్త వయసు పిల్ల. అన్నీ అడిగింది, నిద్ర, ఆకలి, సచ్చిపోవాలనుందా అని కూడా తిన్నగా అడిగీసింది. ఉన్నాదని సెప్పినాను. అదిరిపోనేదు, రాసుకుంది. "అమ్మా, ఇది ఆత్మ జబ్బా, బుర్ర జబ్బా" అన్నాను. "నాకు ఆత్మ సంగతి తెలీదండి. మీరు రెండూ తెచ్చుకున్నారు కదా, నేను చదివిన దానికి నేను మందిస్తాను, రెండోది మీ పాస్టరుగారికి చూపించండి" అన్నాది. మీ తాతేమో బుర్రకి ఫొటో తియ్యమని ఒకటే పట్టు. అక్కర్లేదంటే ముకం సిన్నబుచ్చుకున్నాడు. ఆ ఫొటో తెచ్చి సాల్మను మేష్టారికి సూపిద్దారనుకున్నాడట.

మాత్రలేసుకున్నాను. మూడోనాడే ఏటీ తగ్గనేదని గొడవెట్టినాను. వారాలు పడతాది ఓపిక పట్టమంది. మళ్ళీ ఎల్లినప్పుడు, ఏమైనా మార్పుందా అని అడిగింది. "కోపం వస్తందమ్మా" అన్నాను. నిజమే, ఆ ఆదివారం గుడిలో డోలక్కు కొట్టీవోడు పాట కంటే ముందు పరిగెత్తుతుంటే ఒల్లు మండిపోనాది. ఆవిడ నవ్వి, మంచిదే అన్నాది. సంతోషం ఎనకాల నెమ్మదిగా వచ్చింది. ప్రార్థనా వచ్చింది. ముందు ఒక్క మాట, తర్వాత రెండు. పెద్ద పెద్ద ప్రార్థనలు మరి రానేదు, ఇప్పటికీ సిన్నవే సేస్తాను.

ఏడాది తిరిగినాక దేవుడు నాకు సేసిన మేలుకి సాక్ష్యం సెప్తానని గుడిలో లెగిసి నిలబడినాను. నాకు దిగులు జబ్బు సేసింది, మాత్రలేసుకున్నాను, ఇంకా ఏసుకుంతన్నాను అని సెప్పీసినాను. "మీలో ఒకావిడికి, నీ ప్రార్థనలో లోపమున్నాదని సెప్పినాను. అది తప్పు మాట. నన్ను సెమించాలి" అన్నాను. పేరు సెప్పనేదు. ఎనకబెంచీలో దీనమ్మ కొంగు నోటికడ్డమెట్టుకుని ఏడ్సింది. సిత్రమేటంటే, గుడి ఒదిలినాక నలుగురాడోళ్ళు ఏరేరుగా నా కాడికొచ్చి, "నువ్వన్నది నన్నే కదక్కా, సెమించినాన్లే" అన్నారు. అప్పటికి గానీ తెలీనేదు, ఎంతమందితో అన్నానో.

ఆ ఎనకాల సాల్మను మేష్టారు. గొడుగు సాటున నిలబడి, నెమ్మదిగా, "ఆ డాక్టరమ్మ ఏ రోజు ఉంటాది? మా బంధువొకడికి" అన్నాడు. సెప్పినాను. మళ్ళీ నెల నాను డాక్టరమ్మ కాడికెల్తే ఆ బంధువు స్థానంలో మేష్టారే కూకున్నాడు. ఒకర్నొకరు సూసుకుని వందనాలు సెప్పుకున్నాం. పక్కపక్కనే కూకున్నాం.

...ఏటే, ఫోను పక్కనెట్టీసినావు? ఇలగ తిరుగు. కళ్ళెందుకలాగైపోనాయి? ఓలమ్మా. నా కత కోసం కాదన్నమాట అడిగింది. ఎన్నాళ్ళబట్టి? ...సరే, ఇప్పుడు సెప్పకు. ఇలగ రా, నా ఒల్లో తలెట్టుకో. తోడు నానొస్తాను, ఎక్కడికైనా. నీ మనసూ దేవుడు సేసిందే, నీ బుర్రా ఆయన సేసిందే, రెంటినీ ప్రభువు సల్లగా సూస్తాడు. నూరేళ్ళు బతకాలి నువ్వు, నవ్వుకుంటా బతకాలి. ఏడుపొస్తే ఏడు, నాను మాటాడన్లే... ఊఁ... అలాగే తొంగో...