ఉప్పు పాళ్లు

ఓడ ఇంజను గదిలో ముప్పై ఏళ్లు పనిచేసి, వారం క్రితమే రిటైరై ఇంటికొచ్చిన భర్త, ముందుగదిలో కొత్తగా వెలసిన గాజు తొట్టిలోకి వంగి చూశాడు. అతని మొహం వెలుగుతుందేమోనని ఆమె ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

“ఏమిటే ఇది?”

“సముద్రం. మీకు దాని మీద బెంగ పట్టుకుందేమోనని. మంగలి షాపు ఎత్తేస్తుంటే పాత తొట్టి చవగ్గా వచ్చింది.”

“నీళ్లలో ఏం కలిపావు?”

“వంటింట్లో ఉప్పే.”

“అయ్యో రాత! అందులో సముద్రపు చేపలు బతకవు. వాటికి వేరే ఉప్పు దొరుకుతుంది. అది కలిపాక కూడా నీళ్లు కుదురుకునేదాకా నెల రోజులు ఆగాలి.”

“నెలా! పోనీ, పాళ్లయినా కుదిరాయా?”

అతను వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాడు.

“నువ్వు సముద్రం మొహమే చూడలేదు కదా, ఏ లెక్కన వేశావు?”

“సెలవుకి వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే నన్ను వాటేసుకునేవారుగా. అప్పుడు మీ మెడ ఎంత ఉప్పగా ఉండేదో, అంత.”

అతను తొట్టి వదిలి ఆమె వైపు తిరిగాడు.

“పిచ్చిదానా, అది సముద్రం ఉప్పు కాదే. బస్సు దిగిన దగ్గర్నుంచి మనింటిదాకా పరిగెత్తిన చెమట.”