పల్లంరాజు గారి దెబ్బల పుస్తకం

సభాధ్యక్షులు చంద్రరావు గారికి, పాలకొల్లు పెద్దలకు, గరిడీ శిష్యులకు, అరుగు మీద కూర్చున్న అమ్మలకు లోవమ్మ నమస్కారాలు.

ఈ మాటలు నేను నిన్ననే కూర్చుని రాయవలసి వచ్చింది. ఎందుకంటే మా పెదనాన్న, మీ పిల్లలందరికీ కర్రసాము నేర్పిన పల్లంరాజు గారు, శుక్రవారం ఉదయం పడవెక్కి కాకినాడలో కూతురింటికి వెళ్ళిపోతున్నారు; ఆ మర్నాడే ఈ గరిడీ పాకలో చంద్రరావు గారి కొబ్బరికాయలు పోస్తారు. అసలు ఇక్కడ నిలబడి చదవవలసినవాడు పెద్ద శిష్యుడు దొరబాబు. మొన్న సాము చేస్తూ "మీరు ముందు కొట్టండి" అని అతనూ, "అబ్బే, మీరే కానివ్వండి" అని బుల్లిరాజూ చాలాసేపు మర్యాద చేసుకుని, చివరికి ఒకరి మాట ఒకరు కాదనలేక ఇద్దరూ ఒకేసారి కొట్టారు. అందుచేత దొరబాబు దవడకు పసుపు గుడ్డ కట్టి ఉంది. వలలు అల్లే మా ఇంట్లో నాకు ముందు అక్షరం రాసినవారు లేరు కనుక, రాసిందీ నేనే, చదివేదీ నేనే. (నవ్వులు) నువ్వు నవ్వకు దొరబాబూ, కట్టు ఊడుతుంది.

ఈ గరిడీలో పూర్వం ఒక ఆచారం ఉండేది. కొత్త శిష్యుడు తాంబూలం ఇచ్చి దణ్ణం పెట్టగానే, గురువుగారు ఆశీర్వచనంగా మోకాలి కింద ఒక్క దెబ్బ వేసేవారు. ఉదయం పదిమంది చేరితే మధ్యాహ్నానికి ఒకడు మిగిలేవాడు, వాడూ నడవలేక. బుల్లిరాజైతే దణ్ణం పెడుతూ పెడుతూ కర్ర లేవడం చూసి, ఆ వంగినవాడు వంగినట్టే కాలవలోకి దూకి, అవతలి గట్టెక్కి, అమ్మమ్మగారి ఊరు చేరేదాకా వెనక్కి చూడలేదు. అధ్యక్షులవారు అలా పైకప్పు వంక చూస్తే లాభం లేదండి, అబ్బాయి తమవాడే. (నవ్వులు)

పెదనాన్నకు ఇదేమీ అర్థం కాలేదు. "ఏంటే లోవా, నేనేదో మింగేస్తానన్నట్టు పారిపోతారేంటే?" అని నన్నడిగారు. ఎవరికి ఎక్కడ తగిలిందో, ఎలా అనిపించిందో అడిగి పుస్తకంలో రాస్తానన్నాను. బుల్లిరాజును అమ్మమ్మగారింట్లో పట్టుకుని, అడిగి వచ్చి, మొదటి వరుస చదివి వినిపించాను: 'బుల్లిరాజు. భయం వేసింది. అన్నం సయించలేదు.' తాను ఎత్తిన కర్ర సంగతి ఇంకొకరి నోట వినడం ఆయనకదే మొదటిసారి. ఆ పూట ఆయనా అన్నం తినలేదు.

మర్నాటి నుంచి ఆయన కట్టడి: చెప్పకుండా ఎవరూ కొట్టకూడదు, కొట్టాక అడగకుండా ఉండకూడదు. "ఎడమ భుజమండి." "కానివ్వండి." ఠప్పు. "గట్టిగా తగిలిందాండి?" "అబ్బే, తమ దయండి, ఇంకోటి వేసుకోవచ్చండి." పారిపోయినవాళ్ళందరూ తిరిగొచ్చారు. అమ్మలు గరిడీకి ఆవకాయ పంపారు.

దసరాకు కాకినాడ గరిడీతో పందెం పడింది. మనవాళ్ళు అలవాటు ప్రకారం ఎక్కడ కొడతారో ముందుగా మనవి చేసుకున్నారు, అవతలివాళ్ళు అక్కడే కర్ర అడ్డం పెట్టారు. మన దెబ్బ ఒక్కటీ పడలేదు. మనకు మాత్రం ఏ లోటూ లేకుండా పడ్డాయి. అన్ని జోడీలూ ఓడాం. అయితే వారం తిరక్కుండా ఆ గెలిచినవాళ్ళలో పదకొండు మంది పడవ దిగి మన వాకిట్లో నిలబడ్డారు. "కొడితే కొట్టండిగానీ చెప్పి కొట్టండి బాబూ, ఇక్కడే ఉంటామండి" అన్నారు. వాళ్ళ గురువు వీరబ్రహ్మం గారు మండిపడుతూ వెనకే వచ్చారు. పెదనాన్న పీట వేసి, "తమరికి ఎక్కడ నొప్పిగా ఉందండి?" అని అడిగారు. ఆ పెద్దాయన కూర్చుని, నడుములోనని చెప్పారు. నలభై ఏళ్ళలో తననెవరూ అడగలేదట.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల పెదనాన్న, మోకాళ్ళు మాట వినక, "ఇక వెళ్ళొస్తానండి" అన్నారు. ఎదురు చెప్తే బాగుండదని పెద్దలు "తమ ఇష్టమండి" అన్నారు. గరిడీ బోసిగా ఉంటే బాగుండదని చంద్రరావు గారు కొబ్బరికాయలు పోయిస్తామన్నారు. కాదంటే బాగుండదని పెదనాన్న "చిత్తమండి" అన్నారు. ఇంత మర్యాదలో ఉండమన్నవారు ఒక్కరూ లేకపోయారు. నిన్న నన్ను పిలిచి, "నాదీ ఓ వరుస రాయవే" అన్నారు. రాశాను, చదువుతున్నాను: 'పల్లంరాజు. ఎక్కడ తగిలిందో తెలియడం లేదు. వెళ్ళాలని లేదు.'

ఎవరికీ చెప్పొద్దన్నారు. క్షమించండి పెదనాన్నా, ఈ పుస్తకం పెట్టిందే చదివి వినిపించడానికి.

ఆయన నిలబడనక్కర్లేదు. మంచం మీద కూర్చుని "ఎలా ఉందండి?" అని అడిగితే చాలు. కొట్టడం సంగతి దొరబాబు చూసుకుంటాడు, దవడ అతుక్కున్నాక.

ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞురాలిని. పుస్తకం అధ్యక్షులవారి ముందు పెడుతున్నాను. పడవ శుక్రవారం ఉదయం కనుక, గురువారం దీపాలు పెట్టే వేళలోగా తమ జవాబు ఇందులో రాయండి. ఆయన్ని ఉండమంటారా, కొబ్బరికాయలు పోస్తారా? రెండోదే అయితే మాత్రం, ఎక్కడ తగులుతుందో ముందుగా చెప్పండి.

సెలవు.